వచ్చే జనవరి మోడల్

మా ఇంట్లో కొనే పని నాది. ఇది నేను కోరి తెచ్చుకున్న పెత్తనం కాదు, ఉద్యోగం తెచ్చిపెట్టిన తలనొప్పి. ముప్పై ఏళ్ళుగా యూనివర్సిటీలో పర్చేజ్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. పరీక్షల జవాబు పత్రాలకు కాగితం, హాస్టళ్ళకు మంచాలు, ల్యాబులకు గాజు గొట్టాలు, పెద్దసార్ల గదులకు కర్టెన్లు, ఏది కావాలన్నా నా బల్ల మీదుగా పోవాల్సిందే. ముందు మూడు కొటేషన్లు తెప్పించాలి. మూడింటినీ గళ్ళు గీసిన కాగితం మీద పక్కపక్కన రాయాలి. ఎవరిది తక్కువైతే వాళ్ళ పేరు కింద ఎర్ర గీత గీసి పైకి పంపాలి. కాగితం పైకి వెళ్ళి కిందికి దిగేసరికి కొటేషన్ గడువు దాటిపోతుంది. అప్పుడు మళ్ళీ మూడు కొటేషన్లు. ఈ పనిలో తొందరపడ్డవాడు ఆడిట్‌కు దొరుకుతాడు, ఆలస్యం చేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. నేను ఒక్కసారి కూడా దొరకలేదు. ఆ గర్వం నాకు చాలాకాలం ఉండేది.

ఈ రోగం ఇంటిదాకా వచ్చింది. మిక్సీ కొనాలన్నా, పరుపు కొనాలన్నా తార్నాకలో రెండు షాపులు, సికింద్రాబాద్‌లో ఒకటి తిరగనిదే నాకు కుదురుండదు. మా ఆవిడ మొదట్లో పోట్లాడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత వదిలేసింది. "కొనుడు మీ పని, వాడుడు నా పని" అని తేల్చేసింది. ఆమె లాలాపేట్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. అమ్మాయి పెళ్ళయి కరీంనగర్ వెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే. అందుకని కారు కావాలని ఆమె అడిగినప్పుడు, అందులో సగం డబ్బు ఆమెదే అయినా, కొనే పని మాత్రం నా నెత్తినే పడింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. నాకు కారు నడపడం రాదు. పాతికేళ్ళ క్రితం స్నేహితుడి కారు మీద నేర్చుకోబోయి క్యాంపస్‌లో ఒక కానుగ చెట్టుకు గుద్దాను. ఆ తర్వాత స్టీరింగు ముట్టలేదు. నాకు స్కూటరు చాలు. కారు కావాల్సింది ఆమెకు. ఆమెది జనగామ అవతల పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. చిన్నప్పుడు వాళ్ళ అన్న ట్రాక్టరు నడుపుతుంటే నేర్పమని వెంటపడేదట. "ఆడిపిల్లకు ట్రాక్టరెందుకే" అని ఆయన ఒక్కసారి కూడా సీటు మీద కూర్చోనివ్వలేదట. ఈ మాట పెళ్ళయిన కొత్తలో చెప్పింది, ఆ తర్వాత కొన్ని వందలసార్లు చెప్పింది. చివరికి యాభై రెండో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరింది. పొద్దున్నే క్యాంపస్ రోడ్ల మీద ఎల్ బోర్డు కారులో తిరిగి నేర్చుకుంది. దీపావళి ముందు లైసెన్సు వచ్చింది. దాన్ని తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"వచ్చే సద్దుల బతుకమ్మకు మా ఊరికి నేనే నడుపుకుంట పోతా. మా అన్న ఇంటి ముంగట ఆపుతా. గదొక్కటే నాది కోరిక" అంది.

నేను నవ్వాను. "మీ అన్న గేటు జాగ్రత్త" అన్నాను.

ఆ నెలలోనే కళ్ళజోడు మార్పించుకోవాలని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అక్కడ బయటపడింది. గ్లకోమా. మనవాళ్ళు నీటికాసులంటారు. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనిపిస్తుంది. చూపు మాత్రం పక్కల నుంచి కొంచెం కొంచెంగా తరిగిపోతూ వస్తుంది. పోయినది తిరిగి రాదు. గడ్డం ఒక మిషను మీద ఆనించి, లోపల చిన్న చిన్న వెలుగులు కనిపించినప్పుడల్లా మీట నొక్కే పరీక్ష ఒకటి పెట్టారు. డాక్టరమ్మ ఆ కాగితం మీద ఎడమ అంచున ఉన్న నల్లటి గళ్ళు మాకు చూపించింది.

"మందు చుక్కలు ఒక్కరోజు కూడా మానకండి. ఇప్పటికైతే డ్రైవింగ్ చెయ్యొచ్చు. ఎంతకాలం అంటే నేను చెప్పలేను. ఆరునెలలకోసారి ఈ పరీక్ష చేసి చూద్దాం" అంది.

మా ఆవిడ ఏడవలేదు. మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని, "అయితే కారు జల్ది తీసుకుందాం" అంది. "తీసుకుందాం" అన్నాను. మనసులో ఉన్నదే అన్నాను, ఒట్టు. నా మీద నాకు నమ్మకం లేకపోయినా ఆ ఒక్క మాట మీద ఇప్పటికీ ఉంది.

మేము షోరూముకు వెళ్ళేసరికి డిసెంబరు వచ్చేసింది. అక్కడి అమ్మాయి ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చి, "సర్, ఇయర్ ఎండ్ కదా, ఈ నెలలో తీసుకుంటే మంచి ఆఫర్ ఉన్నది" అంది. మా ఆవిడ ఒక ఎర్రటి చిన్న కారు చూపించి అదే కావాలంది. టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగు తనే పట్టుకుంది, పక్కన షోరూము అమ్మాయి. వెనక సీట్లో నేను పైన పిడి పట్టుకుని కూర్చున్నాను. ఆమె హబ్సిగూడ దాకా పోయి, ఆ బస్సుల మధ్యలోంచి యూటర్న్ తీసుకుని, ఒక్క హారను కొట్టకుండా తిరిగి తెచ్చి పెట్టింది. "మేడమ్ మస్తు నడుపుతున్నరు" అంది ఆ అమ్మాయి. మా ఆవిడ ముఖం చూడాలి అప్పుడు! పదో తరగతి పిల్లలకు వందకు వంద వచ్చినప్పుడు కూడా అంత సంబరపడటం నేను చూడలేదు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "ఈ బండి ఏ నెలల తయారైంది?" అని అడిగాను. ఆ అమ్మాయి చెప్పింది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇంకో మూడు వారాలు పోతే కొత్త సంవత్సరం. ఇవాళ కొంటే కాగితాల్లో ఈ ఏడాది బండి. జనవరి ఒకటిన లేచి చూసేసరికి అది పోయిన ఏడాది బండి అయిపోతుంది. రేపెప్పుడైనా అమ్మబోతే, కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న ఏ సంవత్సరం మోడల్ అనే. మూడు వారాల కోసం ఒక ఏడాది పోగొట్టుకుంటామా? నా బుర్రకు అది పెద్ద దగాలాగా కనబడింది.

ఈ విషయంలో నన్ను ఎగదోసినవాళ్ళు తక్కువేం కాదు. మా స్కూటరు మెకానిక్, "డిసెంబర్ల బండి కొంటరా సార్ ఎవరన్నా? దమాక్ ఉన్నోడు కొనడు" అన్నాడు. పక్క ఫ్లాటులో ఉండే రిటైర్డ్ రైల్వే ఆయన ఉద్యోగమంతా మెట్టుగూడ క్వార్టర్లలో గడిపినవాడు, జీవితంలో సైకిలు తప్ప ఏదీ కొననివాడు, ఆయన కూడా, "ఇరవై రోజులు ఓపిక పట్టలేరా?" అని నన్నే మందలించాడు. ఇంకా కొననే లేదు, అమ్మేటప్పుడు ఏమొస్తుందా అని లెక్కలేసుకుంటున్నాం మేము. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను. "జనవరి దాకా ఆగుదాం. ఇరవై రోజులే."

"మనం అమ్ముతమా దాన్ని?" అంది ఆమె.

"అమ్మినా అమ్మకున్నా, లెక్క లెక్కే గదా."

లెక్కల టీచరు కాబట్టి ఆ మాటకు ఎదురు చెప్పదనుకున్నాను. చెప్పలేదు. "సరే, మీ ఇష్టం. కొనుడు మీ పని" అని చుక్కల సీసా అందుకుని తల వెనక్కి వాల్చింది.

జనవరి వచ్చింది. నేను పద్ధతి ప్రకారం మూడు షోరూముల నుంచి కొటేషన్లు తీసుకుని గళ్ళు గీశాను. ఆ ఎర్ర రంగుకు రెండు నెలలు ఆగాలన్నారు. సరే ఆగుదాం అనుకునేలోగా ఒకడు చెవిలో వేశాడు, ఏప్రిల్‌లో ఇదే కారు ముందు భాగం మార్చి కొత్తగా తెస్తున్నారట, ఇప్పుడు కొన్నవాళ్ళు మూణ్ణెల్లకే పాతవాళ్ళైపోతారట. ఏప్రిల్ దాకా ఆగాను. ఏప్రిల్‌లో రాలేదు. మే నెలలో వచ్చింది, ముందు దీపాలు సన్నగా చేసి రేటు పెంచారు. పాతదే బాగుందనిపించింది. పాతది ఇక రాదన్నారు. కొటేషన్లన్నీ గడువు దాటిపోయాయి. మళ్ళీ మూడు.

ఆ తర్వాత మూఢం వచ్చింది. మా ఆవిడకు అలాంటివి పట్టవు, నాకూ పట్టవనే అనుకునేవాణ్ణి. కానీ ఇంత కష్టపడి ఎంచిన బండిని మూఢంలో తెస్తే ఏదైనా జరిగితే ఎవరిది పూచీ? మూఢం దిగాక ఆషాఢం. శ్రావణంలో తెద్దాం అనుకుంటే ఆ నెలంతా పరీక్షల కాగితం టెండరు నా పీక మీద కూర్చుంది. రెండు ఆదివారాలు కూడా సెక్షన్‌లోనే గడిపాను. ఇంటికొచ్చి మంచం మీద వాలితే కారు గురించి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఇన్ని రంగులు, ఇన్ని మోడళ్ళు, ఇన్ని ఆఫర్లు, రోజుకు నాలుగు ఫోన్లు. తల ప్రాణం తోకకొచ్చేది. మనిషికి కావాల్సింది ఒక కారు. దాన్ని ఎంచుకోవడానికి ఇంత అలసిపోవాలా? అని నేనే విసుక్కునేవాణ్ణి, అలసట నా మీద ఎవరో మోపినట్టు.

మా సెక్షన్‌లో గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. సీనియర్ అసిస్టెంటు, ఆదివారం చర్చి, సోమవారం నుంచి మా ప్రాణాలు తియ్యడం. ఇరవై ఏళ్ళయినా ఆవిడ యాస పోలేదు. ప్రతి సోమవారం పొద్దున్నే హాజరు పట్టీలో సంతకం పెడుతూ అడిగేది.

"ఏంటి సార్, మీ కారు ఫైలు ఏ టేబుల్ మీదుందండీ?"

సెక్షన్ అంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. "ఫైనాన్స్ వాళ్ళు కొర్రీ వేశారమ్మా" అనేవాణ్ణి. మా ఆవిడ కళ్ళ సంగతి సెక్షన్‌లో ఈవిడ ఒక్కదానికే తెలుసు. ఒకరోజు అందరూ టిఫిన్‌కు వెళ్ళాక నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"నవ్వులాటకి అంటున్నాననుకోకండి సార్. ఆవిడ కళ్ళు మీ ముహూర్తం కోసం కాసుకుని కూర్చుంటాయా? మీరు మీనమేషాలు లెక్కపెడుతున్నారు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా ఇంటి సంగతి మేము చూసుకుంటంలే అమ్మా" అన్నాను. ఆవిడ తన సీటుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏ సోమవారమూ ఆవిడ కారు మాట ఎత్తలేదు.

నాకు తెలియదని కాదు. మే నెలలో రెండో పరీక్షకు నేనే తీసుకెళ్ళాను. కాగితం మీద నల్లటి గళ్ళు ఇంకో రెండు మూడు పెరిగాయి. డాక్టరమ్మ, "పగటిపూట, తెలిసిన రోడ్ల మీద అయితే ఫరవాలేదు" అంది. పోయినసారి చెయ్యొచ్చు అంది, ఈసారి పగటిపూట అంది. ఆ తేడా నేను విన్నాను. విని, ఇంకా టైము ఉంది కదా అనుకున్నాను. మా ఆఫీసులో ఏ కాగితం మీదైనా గడువు ఇంత అని తారీఖు ఉంటుంది. దీనిమీద తారీఖు లేదు. తారీఖు లేనిదాన్ని నేను ఎప్పుడూ పక్కనే పెడతాను.

బతుకమ్మ వచ్చింది. దసరా ఆఫర్ల కోసం ఆగుదామని నేనే అన్నాను, ఆఫర్లు వచ్చాక షోరూములలో జనం, దసరా పోయాక నింపాదిగా చూద్దామని కూడా నేనే అన్నాను. ఆమె ఉప్పల్‌లో బస్సెక్కి ఊరికి వెళ్ళింది. నేను బస్టాండు దాకా స్కూటరు మీద దింపాను. చేతిలో చీర కవరు, భుజానికి బ్యాగు. బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీ దగ్గర సీటు దొరికిందో లేదో నాకు కనబడలేదు.

రెండు రోజులకు తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, "ఎట్లయింది?" అని అడిగాను.

"మంచిగైంది. పూలు మస్తు దొరికినయి" అంది. బ్యాగు విప్పుతూ, "మా అన్న అడిగిండు, కారు ఏదే అని. నేను ఫోన్ల చెప్పిన గదా పోయినేడే, కార్ల వస్తా అని. వస్తున్నది అన్నా అని చెప్పిన" అంది.

నేను టీవీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ క్షణంలోనే లేచి షోరూముకు పోయి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. అక్టోబరు అయిపోవచ్చింది కదా, ఇంకెంత, జనవరికి రెండు నెలలు, ఇప్పుడు కొంటే మళ్ళీ అదే సంవత్సరం గొడవ అనుకున్నాను. ఏడాది తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాను, ఆ సంగతి కూడా నాకు తట్టలేదు.

డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు పరీక్షల కాగితం లారీ తెల్లవారి ఆరున్నరకే వస్తుందంటే క్యాంపస్‌కు పెందలాడే వెళ్ళాల్సి వచ్చింది. మా ఆవిడ అప్పటికే వాకింగ్‌కు పోయింది. కొన్ని నెలలుగా పొద్దున వాకింగ్ చేస్తోంది, బడిలో ఇంకో టీచరుతో కలిసి అని చెప్పింది, కళ్ళకు నడక మంచిదేలే అనుకున్నాను. స్కూటరు స్టోర్సు దగ్గర ఆపి, లారీ ఇంకా రాలేదంటే టీ తాగుదామని లైబ్రరీ రోడ్డు మీదికి నడిచాను. మంచు పలచగా ఉంది. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఎదురుగా పైన ఎల్ బోర్డు పెట్టుకున్న తెల్ల కారు ఒకటి నెమ్మదిగా వస్తోంది. స్టీరింగు దగ్గర మా ఆవిడ.

నన్ను చూసి ఆపింది. అద్దం దించింది. దొంగతనం బయటపడ్డ మనిషిలా నవ్వింది. పక్క సీట్లో ఉన్నది డ్రైవింగ్ స్కూలాయన, బౌద్ధనగర్‌లో ఉంటాడు, ఆమెకు మొదట నేర్పింది కూడా ఆయనే.

"సలాం సార్, రాండ్రి, వెనక కూసోండ్రి. మేడమ్‌ది ఇది మూడో బ్యాచ్" అన్నాడు.

"మూడో బ్యాచేంది? ఆమెకు లైసెన్సు వచ్చి ఏడాదైంది గదా!"

"గదే నేను గూడ అడుగుతున్న సార్. అన్నీ వచ్చినామెకు నేనేం నేర్పాలె? ఊకె పక్కన కూసుంట, రేడియో పెట్టుకుంట."

నేను వెనక కూర్చుని తలుపు వేశాను. మా ఆవిడ అద్దంలోంచి నన్ను చూసింది.

"ఇంట్ల కారు లేదు గదా. చెయ్యి మర్చిపోతనని జాయినైన. మొదటిసారి నేర్చుకున్నట్టే ఫారం నింపిన" అంది. "మీకు చెప్తే కారు కోసం వెంటపడ్డట్టు ఉంటదని చెప్పలే."

బాగా నేర్చిన మనిషి, లైసెన్సు ఉన్న మనిషి, ఏమీ రానిదానిలా మళ్ళీ మళ్ళీ చేరింది, ఒక గంట స్టీరింగు పట్టుకోవడానికి. నా కొటేషన్ల కట్ట సొరుగులో ఉంది.

ఆమె గేరు వేసింది. కారు సాఫీగా కదిలింది. ఇంజనీరింగ్ కాలేజీ వైపు తిరిగాము. ఆమె చేతులు ఎంత తేలిగ్గా ఉన్నాయో! స్పీడు బ్రేకరు ముందు నెమ్మదించడం, ఎదురొచ్చే సైకిలుకు దారివ్వడం, మలుపులో చక్రం తిరిగి తనంతట తాను సర్దుకునేలా వదలడం. వెనక కూర్చున్న నాకు భయం వేయలేదు. పోయినేడు పైన పిడి పట్టుకున్నవాణ్ణి, ఇవాళ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. "మంచిగ నడుపుతున్నవే" అన్నాను. "మరి!" అంది.

అప్పుడే ఎడమ పక్క నుంచి ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన రోడ్డు దాటడానికి దిగాడు. చాలా దూరం నుంచే దిగాడు. నాకు కనిపించాడు. కారు ఆగుతుందిలే అనుకున్నాను. ఆగలేదు. ఆమె చూపు ఒక్కసారి కూడా అటు పోలేదు. డ్రైవింగ్ స్కూలాయన తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు గట్టిగా తొక్కాడు. కారు ఒక్క కుదుపుతో ఆగింది. పెద్దాయన బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడి, మమ్మల్ని నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు.

"ఏంది మేడమ్, కానొస్తలేదా?"

మా ఆవిడ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, "ఎక్కడి నుంచి వచ్చిండు?" అంది.

ఆయన దిగి నన్ను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "సార్, మీకు చెప్పాల్నా వద్దా అనుకున్న. పోయిన వారంల గూడ రెండుసార్లు గిట్లనే అయింది. రెండు సార్లు ఎడమ దిక్కే. పోయిన బ్యాచ్‌ల గిట్ల లేకుండె. ఖసమ్‌సే, లేకుండె. మేడమ్ పరేషాన్ అయితదని చెప్పలే."

పోయిన బ్యాచ్ అంటే ఎప్పుడని అడిగాను. ఆగస్టులో అన్నాడు. శ్రావణం.

ఆ రోజు సగం పూట సెలవు పెట్టాను. కాగితం లారీ వచ్చిందో లేదో కూడా చూడలేదు, గుంటూరావిడకు చెప్పి వెళ్ళిపోయాను. షోరూములో పోయినేటి అమ్మాయి లేదు, వేరే కుర్రవాడెవడో ఉన్నాడు. "ఏ రంగు ఉంటే ఆ రంగు ఇవ్వండి. ఈ ఏడాది మోడలే ఇవ్వండి. రేపే కావాలి" అన్నాను. ఆ పిల్లవాడు నన్ను ఎగాదిగా చూసి, "సర్, మూడు వారాలు ఆగితే కొత్త ఇయర్‌ది వస్తది గదా" అన్నాడు. పాపం, వాడి తప్పేముంది, నాలాంటివాళ్ళు రోజుకు పదిమంది వస్తారు వాడి దగ్గరికి. "ఆగను" అన్నాను, గొంతు పెద్దదై పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక్క కొటేషన్ మీద సంతకం పెట్టాను.

రసీదు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని పై నుంచి కింది దాకా చదివింది. మడిచి నాకే ఇచ్చింది.

"ముందు డాక్టరు దగ్గరికి పోదాం. పోయిన నెలనే పోవాల్సి ఉండె" అంది.

నిజమే, నవంబరు పరీక్ష దాటిపోయింది. బడిలో పేపర్లు దిద్దాలని, రేపనీ మాపనీ ఆమె వాయిదా వేస్తోంది. నేను గుర్తు చేయలేదు. "ఎందుకు పోలేదు మరి?" అన్నాను.

"వద్దంటదేమో అని. కారు వచ్చినంక పోదాం అనుకున్న. ఒక్కసారి ఊరికి పోయొచ్చినంక ఏమన్నా అననీ అనుకున్న" అంది.

నాలుగో రోజు అపాయింట్‌మెంట్ దొరికింది. ఆమె గడ్డం మిషను మీద ఆనించి మీట నొక్కుతుంటే తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. పోయినసారి మీట టకటక మోగింది. ఈసారి మధ్య మధ్యలో చాలాసేపు చప్పుడే లేదు. ఇప్పుడు వెలుగు వస్తుందేమో, నొక్కు, నొక్కు అని నేను లోలోపల అంటూనే ఉన్నాను. డాక్టరమ్మ కాగితం చూసి, పాత కాగితం పక్కన పెట్టి, మళ్ళీ చూసింది. ఆవిడ కూడా రెండు పక్కపక్కన పెట్టే చూస్తుంది.

"ఇక డ్రైవింగ్ వద్దమ్మా. పగలు కూడా వద్దు. మీకే కాదు, రోడ్డు మీది వాళ్ళకు కూడా మంచిది కాదు" అంది. చుక్కలు మార్చి రాసింది. లేజరు సంగతి మాట్లాడింది. ఉన్న చూపు కాపాడుకోవచ్చని చాలా దయగా చెప్పింది. మా ఆవిడ అన్నిటికీ తల ఊపింది. ఒక ప్రశ్న అడిగింది: "పోయిన బతుకమ్మ అప్పుడైతే నడపనిచ్చేటోళ్ళా మేడమ్?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "అక్టోబరా? పగటిపూటైతే బహుశా ఫరవాలేదనే అనేదాన్నేమో. ఎందుకమ్మా?"

"ఏం లేదు మేడమ్" అంది ఆమె.

బయట ఆటో ఎక్కాము. ఆమె కుడి పక్క, నేను ఎడమ పక్క. నా మీద నాకు పుట్టిన కోపం ఎంతంటే, ఆటో తోలేవాణ్ణి గతుకు చూసుకోమని ఊరికే కసిరాను. మెట్టుగూడ దాటింది. నేను ఏదేదో మాట్లాడుతున్నాను. బండి తీసుకుందాం, డ్రైవర్ని పెట్టుకుందాం, పక్క సీట్లో నువ్వు కూర్చో, ఈ ఆదివారమే మీ ఊరికి పోదాం, మీ అన్న ఇంటి ముందే ఆపుదాం. ఆమె బయటికి చూస్తూ ఉంది. తార్నాక సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. నేను జేబులోంచి రసీదు తీసి పట్టుకున్నాను, ఏదో రుజువు చూపిస్తున్నట్టు.

ఎడమ పక్కన ఉన్న నన్ను చూడటానికి ఆమె తలను పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. నా చేతిలోని కాగితం చూసింది.

"అది కాన్సిల్ చెయ్యుండ్రి" అంది. "జనవరి దాకా ఆగుండ్రి. కొత్త మోడల్ వస్తది గదా. ఇగ నాకేం తొందర లేదు."

ఎత్తిపొడుపేమోనని ఆమె ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే చెబుతోంది.